మూడు గుడ్డల డబ్బా

చిలకలగూడల మా గల్లీల ఏ ఇంట్ల ఆడమనిషి పోయినా స్నానం చేపిచ్చి కఫన్, అదే పీనుగకు చుట్టే తెల్లగుడ్డలు, తొడిగేది నేనే, గులాబ్ బీని. ఆ పనికి పైసలు తీస్కోను. పొట్టకైతే మా అక్క కొడుకు ముదస్సిర్ దగ్గర కఫన్ గుడ్డలు మడతపెడ్త.

ముందుగాల రెజిమెంటల్ బజార్ల మా బావకు దుకాణముండె. కఫన్ కొనేటోడు బేరమాడడు, అమ్మేటోడు "మళ్ళ రా" అనడు. మొగోనికి మూడు గుడ్డలు, ఆడదానికి అయిదు. నెత్తికి ఓఢ్నీ, రొమ్ముకు సీనాబంద్ ఎక్కువ. ఆడమనిషి పోయిందంటే చాలు, అడగకుండనే బావ అయిదూ మూట గట్టి ఇస్తుండె. బావ పోయినంక ముదస్సిర్ దుకాణం ఎత్తేసి కార్ఖానా బస్తీల గోదాం పెట్టిండు. గుడ్డలు, సబ్బు, కర్పూరం, అత్తర్ అన్నీ ఒక్క డబ్బాల ఏసి ఆన్‌లైన్ల అమ్ముతుండు. కాంబో అంట. మయ్యత్‌కు, సావుకు సుత కాంబో, తౌబా!

నా బల్ల మీదికి ఎప్పుడూ మూడు గుడ్డలే వచ్చేటివి. ఆడోళ్ళవి ఇంకెక్కడన్న మడతపెడుతున్నరేమో అనుకున్న. అడగలే. నోరు పడిపోయిందా నాకు? అడగలే, అంతే.

మొన్న శుక్రవారం పొద్దుగాల మా పక్కింటి రుఖియా ఆపా కన్నుమూసింది. మధ్యాహ్నం జుమ్మా నమాజ్ కాంగనే దఫన్ చేసి మట్టి ఇయ్యాలన్నరు. బిడ్డ ఖుష్నుమా ఏడ్సుకుంటనే ఫోన్ల ఆర్డర్ పెట్టింది, పదిన్నరకల్లా మా ముదస్సిర్ డబ్బా వచ్చింది. మా గల్లీలకు అది రావుడు అదే మొదలు. ఇద్దరం కలిసి ఆపాకు స్నానం చేపిచ్చినం. డబ్బా ఇప్పి చూస్తే మూడే గుడ్డలు. అడుగుదాంక దేవులాడిన. ఓఢ్నీ లేదు, సీనాబంద్ లేదు. వాకిట్ల మొగోళ్ళు పీనుగను మోసే డోలా తెచ్చి పెట్టిండ్రు, టైము లేదు.

పక్కకు పోయి ముదస్సిర్‌కు ఫోన్ కొట్టిన.

"ఏందిరా, ఓఢ్నీ ఏది?"

"అది వేరే కొనాలె ఖాలా. అయిదు పెడితే బరువెక్కువైతది, కొరియరోళ్ళు ఎక్కువడుగుతరు. ఆర్డర్ పెట్టే కాడ కింద 'ఆడవారికి అదనం' అని పెట్టినం కదా. ఇప్పుడు ఆర్డర్ పెట్టమను, పొద్దటి ట్రిప్పు పోయింది, సాయంత్రానికి వస్తది."

"సాయంత్రానికా! మట్టిల పెట్టినంక కప్పాల్నారా బద్మాష్? పీనుగను ముందల పెట్టుకొని ఫోన్ల కింద ఏమున్నదో ఎవరు చూస్తర్రా?"

"జెర ఆగు ఖాలా, ఇంకో కాల్ వస్తుంది" అని పెట్టేసిండు.

లోపలికొస్తే ఖుష్నుమా ఫోన్ పట్టుకొని నెత్తి కొట్టుకుంటుంది. "నేనే చూసుకోలే ఖాలా. కింద రాసుండె. అమ్మీ ఒక్కనాడు నెత్తి మీది కొంగు జారనియ్యలే. నేను గిట్ల పంపుతున్న. నన్ను మాఫ్ చేస్తదా?"

బీరువల నుంచి తన తెల్ల దుపట్టా తీసిచ్చింది. కత్తెరతోని కొలత ప్రకారం కోసిన. రొమ్ముకు ఒక ముక్క, నెత్తికి ఒక ముక్క. పని ఎల్లిపోయేది. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెల్వదు. కానీ ఆ పిల్ల బతికినన్ని రోజులు తనను తానే తిట్టుకుంటది. నాతోని కాలే.

"నీ తప్పు కాదు బేటా. ఈ డబ్బా మా ముదస్సిర్‌ది. ఈ మడతలు సుత నేను పెట్టినయే."

ఏడుపు ఆపి నా దిక్కు చూసింది. "మూడే పెడుతున్నరని నీకు ఎరుకేనా?"

"మూడే వస్తున్నయని ఎరుకే. ఎందుకని అడగలే."

ఖుష్నుమా నా చేతుల నుంచి నెత్తి ముక్క మెల్లగ తీస్కుంది.

"అమ్మీ నెత్తికి నేనే కప్పుత. నువ్వు బయట కూసో ఖాలా."

లేచి బయటికొచ్చిన. అరుగు మీద ఆడోళ్ళు "అయ్యిందా గులాబ్ బీ?" అని అడిగిండ్రు. "అయ్యింది" అన్న.