అత్త కనుబొమ్మలు

ఆ రోజు ఇంట్లో నానమ్మ, నాన్న, బడిలో సైన్సు చెప్పే మేనత్త, నోట్లో నాలుక లేని పిల్లగా పేరుపడ్డ మేనకోడలు ఉన్నారు. ఏ ప్రయోగమైనా ముందు ఇంట్లో చేసి చూడందే అత్త బడికి తీసుకెళ్లదు. అందుకే అత్తంటే ఆ పిల్లకి ప్రాణం. రేపు ఏడో తరగతికి రెండు ప్రయోగాల్లో ఒకటే చేయించే వీలుంది.

అత్త సీసాలో వెనిగరు పోసి, వంటసోడా నింపిన బెలూన్ మూతికి తొడిగి ఎత్తగానే అది బుస్సున ఉబ్బింది.

"అమ్మో, పేలుతుందే!" అని నానమ్మ చెవులు మూసుకుంది. నాన్న చప్పట్లు కొట్టాడు.

"బాగానే ఉంది అన్నయ్యా. కానీ చేసింది నేను, మీరు నోళ్లు తెరుచుకుని చూశారంతే."

తర్వాత బ్యాటరీ, చిన్న బల్బు, ఒక్క తీగ మేనకోడలి ముందు పెట్టింది. ఆ పిల్ల తీగని అటు తాకించి, ఇటు తాకించి, ప్రతిసారీ అత్త ముఖం చూసింది. అత్త కనుబొమ్మలు లేచిన చోట ఆగింది. బల్బు వెలిగింది.

"శభాష్ తల్లీ!" అన్నాడు నాన్న.

"వెలిగించింది నా కనుబొమ్మలు," అంది అత్త, తీగ విప్పేస్తూ. "రేపు తరగతిలో అంతమందికి ఇవెక్కడ సరిపోతాయి? బెలూనే నయమేమో."

బెలూనైతే పిల్లలంతా చేతులు కట్టుకుని చూడాల్సిందే. మేనకోడలి గొంతు పెగిలింది.

"నువ్వు బయటికెళ్లు అత్తా. నేనే వెలిగిస్తా. తలుపు కూడా వేసెయ్."

"ఓసినీ, దీనికి మాటలొచ్చే!" అంది నానమ్మ.

అత్త మురిసిపోతూ అందర్నీ బయటికి తోలి, తనూ బయటికొచ్చి తలుపు వేసేసింది.