మోకు వదిలినవాళ్లు

కొండవాలు మీద లాగుతున్న మాను జారింది. మోకు పట్టుకున్నవాళ్లంతా ఒక్కసారిగా అరిచారు. కింద దొర్లుడు కర్రలు సర్దుతున్న సుంగా పక్కకు తప్పుకునేలోపే అది అతని మీంచి వెళ్లిపోయింది.

మోకు లాగేవాళ్లలోంచి మలారి పరుగెత్తాడు. సుంగా కళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఊపిరి లేదు.

"మాను చూడండ్రా ముందు! చీలిందా?" పైనుంచి మేస్త్రీ పున్సలాన్ కేకేశాడు.

చీలలేదు. గుర్రం మీదున్న స్పెయిన్ దొర తృప్తిగా తలూపాడు. చచ్చినవాడి చోట్లో ఇంకొకణ్ణి దింపమన్నాడు.

పంపాంగా సీమ పల్లెల నుంచి వీళ్లని వెట్టికి తోలుకొచ్చి ఒక పంటకాలం దాటిపోయింది. స్పెయిన్ రాజుకి సముద్రాలన్నీ కావాలి. సముద్రాలకి ఓడలు, ఓడలకి ఈ మానులు, మానులకి వీళ్ల వీపులు. వానలు జోరందుకోకముందే తెరచాప కొయ్యకి తగిన ఈ మాను ఏటికి చేరాలట. ఊళ్లో నారు ముదిరిపోతుంటే, నాటాల్సిన చేతులు ఇక్కడ మోకులకి అంటుకుపోయాయి.

కూలీలకి గంజి కాచే దయాంగ్ చేతిలో గరిటతోనే వచ్చింది. మొగుడు సుంగా పక్కన కూలబడి మొహం మీది మట్టి తుడిచింది.

"ఊరికి తీసుకుపోతా."

"పొద్దుగూకనీ అత్తా. ఇప్పుడు పనాపితే దొర నా తోలు తీస్తాడు," అన్నాడు దిగొచ్చిన పున్సలాన్.

"మీ నాన్న తోలూ వాళ్లే తీశారు కదరా. ఆ కొరడా నీ చేతికెలా వచ్చింది?"

పున్సలాన్ కొరడాని వీపు వెనక్కి జరిపాడు.

మలారికి కోపం రాలేదు. కోపానిక్కూడా ఒంట్లో సత్తువ ఉండాలి. వెళ్లి దయాంగ్ పక్కన కూర్చున్నాడు.

"లేవరా మలారీ!" అన్నాడు పున్సలాన్. "సిపాయిలొస్తే ఊళ్లు తగలబెడతారు."

"లేస్తే? రేపు నేను, ఎల్లుండి నువ్వు. ఈ కొండ మీద చెట్లయిపోవు. మనమే అయిపోతాం."

"వాళ్ల దగ్గర తుపాకులున్నాయిరా!"

"ఉంటే? తుపాకి మనల్ని చంపుద్ది. మాను లాగుద్దా?"

ఎవరో నవ్వబోయి దగ్గారు. ఒక ముసలాయన మోకు వదిలేసి, మోకాళ్లు పట్టుకుంటూ నేల మీద చతికిలబడ్డాడు. ఆయన పక్కన ఇంకొకడు. కాసేపటికి వాలు పొడుగునా జనమంతా కూర్చున్నారు.

మేస్త్రీల కొరడాలు లేచాయి. వీపులు చిట్లాయి. ఒక్కరూ లేవలేదు. మొదట కూర్చున్నవాణ్ణి కట్టెయ్యమన్నాడు దొర.

పున్సలాన్ వంగి మలారి చేతులు కడుతూ చెవిలో గొణిగాడు. "ముడి వదులుగా వేశా. దారి వంపు దగ్గర పారిపో."

"పరిగెత్తే ఓపిక లేదురా. నువ్వూ కూర్చో."

పున్సలాన్ కూర్చోలేదు. కానీ సుంగా శవాన్ని నలుగురు భుజాలకెత్తుకుని ఊరిదారి పట్టినప్పుడు, ఆపమని దొర అరుస్తున్నా కదలకుండా నిలబడిపోయాడు.

దొర కబురందుకుని వచ్చిన సిపాయిలు మలారిని కిందికి నడిపించారు. దిగువ వాలులో వేరే ఊరివాళ్లు ఇంకో మానుని లాగుతున్నారు.

"ఏం చేశావన్నా?" మోకు లాగుతూనే ఒకడు అడిగాడు.

"ఏం చెయ్యలేదు తమ్ముడూ. కూర్చున్నాం. అందరం."

సిపాయి తుపాకి మడమతో పొడిచాడు. మలారి తూలి, నిలదొక్కుకుని, నడిచాడు. వెనకాల మోకు నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది. బరువుగా, అలసటగా.

తర్వాత ఇంకొకటి.