నలభై దినాల మంచం

మా అత్త మోకాళ్ళు నా వల్లే పాడయ్యాయేమో అన్న అనుమానం పద్నాలుగేళ్ళుగా నాతో ఉంది. ఎవరినీ అడగలేదు. నమాజు అయ్యాక చేతులు చాచినప్పుడు అల్లాను కూడా సూటిగా అడగలేదు. అందరి ఆరోగ్యం కోసం దువా చేస్తూ, మధ్యలో ఆమె మోకాళ్ళను కలిపేసేదాన్ని.

నా బిడ్డ తమన్నా పుట్టినప్పుడు మా ప్రొద్దుటూరు ఇంట్లో రెండే మంచాలు. ఒకటి మామది, ఒకటి అత్త రోషన్ బీది. ఆపరేషనై వచ్చిన నాకు ఆమె తన మంచం ఇచ్చి, ఆ చలికాలంలో గచ్చు మీద బొంత పరుచుకుంది. నలభై దినాల వరకు అన్నారు. నాకు కుట్లు నెలకే మానాయి. కానీ నలభై దాటాక కూడా కడుపు పట్టుకుని మూలుగుతూ ఇంకో రెండు నెలలు ఆ మంచం దిగలేదు. దాని మీద ఉన్నంతసేపే నన్ను ఎవరూ పనికి పిలవరు. "రోషన్ బీకి యాడైనా నిద్ర పడతాది" అనేవాడు మామ. నేనూ నమ్మాను. నమ్మితే నాకు సుఖంగా ఉండింది.

నా భర్త ఖయ్యూమ్ సౌదీలో, జుబైల్‌లో కంపెనీ బస్సు తోలతాడు. ఈ వేసవిలో నాకు, తమన్నాకు, అత్తకు విజిట్ వీసాలు తీశాడు. తాయిఫ్ కొండల్లో నాలుగు రోజులు చల్లగా ఉండి, అక్కడి నుంచి ఉమ్రాకు మక్కా పోవాలని ఏర్పాటు. జుబైల్‌లోనే దుకాణంలో పని చేసే మరిది నౌమాన్ కూడా వచ్చాడు. దొరికినవాటిలో చౌకైన ఫ్లాటు చూశారు. రెండు మంచాలున్న ఏసీ గది ఒకటి. ముందు మజ్లిస్, అంటే గోడల వెంట నేల మీద పరుపులు వేసిన హాలు. ఖయ్యూమ్ ఫోనులో బొమ్మ చూసి ఆ పరుపుల్ని కూడా మంచాల్లో లెక్కేశాడు.

"అంత దూరం బండి తోలినాం, నడుములు పోయినాయి. మేం మంచాల మీద వాలతాం" అన్నారు అన్నదమ్ములు మొదటి రాత్రి. న్యాయమే అనిపించింది. రెండో రాత్రి ఎవరూ అడగలేదు. వాళ్ళ బ్యాగులు అప్పటికే ఆ గదిలో ఉన్నాయి. టీవీ మజ్లిస్‌లో ఉంది కనుక వాళ్ళు క్రికెట్ చూసి లేచేదాకా మేం ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం. అక్కర లేకపోయినా నేను వెల్లుల్లి పొట్టు తీశాను. బాత్రూముకు దోవ మజ్లిస్ మీదుగానే. నౌమాన్ ఏ వేళ వస్తాడో తెలియదు కనుక తలగుడ్డలకు పిన్నులు తీయకుండానే పడుకున్నాం.

మూడో రోజు తెల్లారుజామున ఫజర్ అజాన్‌కు అత్త నా చెయ్యి తట్టింది. "లేపమ్మే, మాబూ."

చంకల కింద చేతులు వేసి ఎత్తాను. మోకాళ్ళు నిలవలేదు. మళ్ళీ కూలబడింది. అప్పుడే ఆమె బట్టలు, కింద పరుపు తడిసిపోయాయి. ఆమె నా మొహం చూడలేదు, తలుపు వైపు చూసింది.

"నౌమాన్ వచ్చే దోవ ఇది. వాడు లేచే లోపల బిర్నా తుడువు. ఖయ్యూమ్‌కు చెప్పాకు."

స్నానం చేయించాను. వంటింటి కుర్చీలో కూర్చుని నమాజు చదువుకుంది. ఎల్లుండి కాబా చుట్టూ తిరగాల్సిన కాళ్ళవి. నేను పరుపు తొడుగు ఉతికి కిటికీకి వేస్తుంటే ఖయ్యూమ్ లేచి వచ్చాడు.

"యాత్రకొచ్చినా ఉతుకుడు మానవా మే? తాయిఫ్ కొండలన్నీ ఉతికి ఆరేసి పోతావా యేంది?"

"తమన్నా పరుపు మీద టీ పోసింది" అన్నాను.

తమన్నా నా వైపు చూసింది. తెల్లారుజామున అది మేలుకునే ఉందని అప్పుడు తెలిసింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"అయితే ఈ పొద్దు ఒక పరుపు తక్కువ కదా, యెట్లా?" అన్నాడు ఖయ్యూమ్, రొట్టె తుంచుతూ.

"నాకు యాడైనా నిద్ర పడతాది నాయనా" అంది నా బిడ్డ.

"అచ్చం జేజి పోలిక" అని వాళ్ళమ్మను చూసి నవ్వి, బిడ్డ తల నిమిరాడు.

మా మామ మాటే అది. నా బిడ్డకు ఏడాది నిండకుండానే ఆయన పోయాడు. ఆయన నోట ఆ మాట తమన్నా విన్నది లేదు. నేర్పింది నేనే.

మధ్యాహ్నం మగవాళ్ళు జుమా నమాజుకు పోగానే వాళ్ళ బ్యాగులు మజ్లిస్‌లోకి మోశాను. దుప్పట్లు మార్చి, అత్త తస్బీ మాల దిండు మీద పెట్టాను.

"వద్దమ్మే. మగోళ్ళు మళ్ళా బండి తోలల్ల కదా."

"బండి రెండు దినాలుగా కింద నిలబడే ఉంది అత్తా."

ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, మోకాళ్ళకు నూనె రాస్తూ చెప్పేశాను. "అత్తా, నాకు కుట్లు నెలకే మానినాయి."

"తెలుసులే. నీకు నీళ్ళు పోసింది నేనే కదా. మానిన కుట్లు నాకు కనపడవా?"

"మరి దిగమనలేదే?"

"దిగితే నిన్ను పనిలోకి తోస్తారు. పోనీలే, పసిపిల్ల తల్లి అనుకుంటి." మళ్ళీ తనే అంది, "మోకాళ్ళు పట్టుకునింది ఆ చలికాలమే. అబద్ధమెందుకు? మీ మామ మంచం ఒకటి ఆ పక్కనే ఉండె. మనిద్దరం ఆ పక్కకు చూడనే ల్యా."

మళ్ళీ నూనె పోసుకుని రెండో మోకాలు అందుకున్నాను.

ఖయ్యూమ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మా బ్యాగులు యాడ?"

"మజ్లిస్‌లో. ఈ గదిలో మేం పడుకుంటాం."

"ఎందుకంట? కారణం చెప్పు."

చెప్పొద్దని అత్త అన్న మాట నా దగ్గర ఉంది. "మీరు రెండు రాత్రులు పడుకున్నప్పుడు మేం కారణం అడిగినామా?" అన్నాను.

"రా అన్నా, కింద పరుపులు మెత్తగానే ఉండాయి" అన్నాడు వెనక నుంచి నౌమాన్.

"మెత్తగుంటే నువ్వే పడుకోరా" అని గొణిగాడు ఖయ్యూమ్. కానీ చెప్పుల చప్పుడు మజ్లిస్ వైపే పోయింది.

తలుపు గడియ పెట్టాను. "నువ్వు టీ పోయలేదు. నీ మీద అబద్ధం చెప్పినా" అన్నాను తమన్నాతో. అది తల ఊపి, జేజి తలగుడ్డకున్న పిన్ను తీసింది. తెల్లజుట్టు దిండు మీద పరుచుకుంది. అన్నాలకు దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచే వేళ దాటినా, బయట నుంచి అన్నం మాట వినిపించినా నేను లేవలేదు. రెండో మంచం మీద నేను, తమన్నా ఒదిగి పడుకున్నాం.

సాయంత్రం అసర్ అజాన్‌కు కళ్ళు తెరిచేసరికి అత్త మంచం పట్టె పట్టుకుని కాళ్ళు కిందికి వేస్తోంది. ఎత్తడానికి లేవబోయాను. వద్దని చెయ్యి ఊపి, తనంతట తాను నిలబడింది.

"నా మంచం నాకు ముట్టిందిలేమ్మే" అంది, వజూకు నీళ్ళ వైపు పోతూ.