సర్టిఫికెట్, బ్రాకెట్లో పన్నెండు

భవ్య ఫోన్ చేసేసరికి సఫూరా కీబోర్డు తిరగేసి దులుపుతోంది. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల వైపు వెళ్లే రోడ్డు మీద దుకాణం పెట్టుకున్నాక రోజుకు రెండుసార్లు ఆ పని తప్పదు. మధ్యాహ్నానికల్లా అక్షరాల సందుల్లో తెల్లటి పొడి పేరుకుపోతుంది.

"ఆంటీ, నా అప్లికేషన్ ఎర్రగా చూపిస్తోంది," అంది భవ్య. "తప్పు పత్రం అని రాశారు. సాయంత్రం అయిదింటిలోపు సరైనది పెట్టకపోతే నర్సింగ్ కౌన్సెలింగ్‌కి పిలవరంట."

"ఏ పత్రం?"

"నివాస ధ్రువీకరణ. మీరే పెట్టారుగా."

సఫూరాయే పెట్టింది, మూడు వారాల కిందట. ఆన్‌లైన్ సెంటర్ నడపడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. హాల్‌టికెట్లు, ఆధార్ మార్పులు, పొలం కాగితాలు, ఏదైనా సరే, ఆమె చేత పెట్టించిన దరఖాస్తు వెనక్కి రాదని చుట్టుపక్కల ఊళ్లలో పేరుంది. ఆ పేరు చూసుకుని ఆమెకు లోపల్లోపల కాస్త గర్వం కూడా ఉంది.

అరగంటలో భవ్య, వాళ్ల నాన్న బాలస్వామి వచ్చేశారు. బాలస్వామి బట్టీ పనిలోంచి అలాగే వచ్చాడు. కనుబొమ్మలు తెల్లగా ఉన్నాయి. సఫూరా వెబ్‌సైట్ తెరిచి, భవ్య పేరు మీద ఎక్కించిన కాగితం మీద నొక్కింది. ముగ్గురూ తెర వైపు వంగి చూశారు.

మరణ ధ్రువీకరణ పత్రం. మృతుని పేరు వెంకయ్య. ఊరు జానపాడు.



"నర్సు చదువుకుంటానన్న పిల్లకి చావు కాగితం పెడతావా అమ్మాయ్?" అన్నాడు బాలస్వామి. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది సఫూరాకి.

"అన్నా, నాకు అరగంట టైమివ్వు. ముందిది సరిచేద్దాం. తర్వాత నన్ను ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టు."

ఏం జరిగుంటుందో ఆమెకు అప్పటికే అర్థమైంది. ధ్రువీకరణ పత్రాలిచ్చే సర్కారు వెబ్‌సైట్ ఎవరి కాగితాన్నైనా ఒకే పేరుతో పంపుతుంది. పుట్టినా సర్టిఫికెట్టే, చచ్చినా సర్టిఫికెట్టే. బ్రౌజరు దాన్ని అందుకుని, అదే పేరుతో ఇంకొకటుంటే పక్కన బ్రాకెట్లో ఒకటి, రెండు, మూడు అని అంకె తగిలించి డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో పడేస్తుంది. ఇలాంటి తంటా ఎప్పుడో వస్తుందని సఫూరా మొదట్లోనే పసిగట్టింది. అందుకే ప్రతి ఫైలూ ఎక్కడ దాచాలో, ఏ పేరుతో దాచాలో ముందుగా తనను అడిగేటట్టు సెట్టింగ్ పెట్టుకుంది. మనిషి పేరు, ఊరు పేరు, తారీఖు కొట్టి దాచేది. ఆ పద్ధతి ఆమెకు వాళ్ల నాన్న మాబు సాహెబ్ దగ్గర అబ్బింది. ఆయన గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో పాతికేళ్లు గుమాస్తాగా చేశాడు. లోపలికి వచ్చిన ప్రతి మిర్చి టిక్కీ బస్తా మీద రైతు పేరు, ఊరు, నంబరు పడందే దాన్ని కదలనిచ్చేవాడు కాదు.

జూలై చివర్లో ఒకరోజు పొద్దున బ్రౌజరు తనంతట తనే కొత్త వెర్షన్ ఎక్కించుకుని కూర్చుంది. అంతటితో అడగడం మానేసింది. సఫూరా వెతికి వెతికి ఆ సెట్టింగ్ పట్టుకుని మళ్లీ పెట్టింది. నాలుగు రోజులకి అది మళ్లీ పోయింది. ఇంకోసారి పెట్టింది. మూడోసారి పోయిన రోజున దుకాణంలో పదిమంది నిలబడి ఉన్నారు. తర్వాత చూద్దాంలే అనుకుంది.

ఆ రోజే జానపాడు నుంచి సుబ్బరావమ్మ వచ్చింది. ఏడాది కిందట భర్త వెంకయ్య పోయాడు. ఆయన పేరు మీదున్న అరెకరం చేను తన పేరుకి మార్పించుకోవాలి. సఫూరా మరణ ధ్రువీకరణ పత్రం కోసం నొక్కింది. చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది, ఏమీ రాలేదు. సరే, అది వచ్చేలోపు భవ్య పని చూద్దామని ఇంకో ట్యాబ్‌లో నివాస పత్రానికి నొక్కింది. కాసేపటికి రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. సర్టిఫికెట్, బ్రాకెట్లో పదకొండు. సర్టిఫికెట్, బ్రాకెట్లో పన్నెండు. ముందు అడిగింది ముందు వచ్చి ఉంటుందనుకుని పదకొండును సుబ్బరావమ్మ దరఖాస్తుకి, పన్నెండును భవ్య దరఖాస్తుకి తగిలించింది. నిజానికి ఆలస్యమైన చావు కాగితమే రెండోదిగా వచ్చింది.

తెరిచి చూసుకోవాల్సింది. తెరవబోతే అదో బాధ. పీడీఎఫ్ మీద నొక్కితే దాన్ని చూపించే ప్రోగ్రాం కంప్యూటర్లో విడిగా ఉన్నా, బ్రౌజరు తానే తెరిచేస్తుంది. దరఖాస్తు పేజీలో ఉండగా నొక్కితే అదే ట్యాబ్‌లో తెరుస్తుంది. వెనక్కి వస్తే సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి అంటుంది. ముప్ఫై గళ్లు మొదటి నుంచి నింపాలి. అందుకే ఆ రోజు చూడలేదు.

ఇప్పుడు మాత్రం చూసింది. భవ్య నివాస పత్రాన్ని కొత్తగా దింపి, దానికి భవ్య పేరు పెట్టి, తెరిచి, తండ్రీకూతుళ్లిద్దరి చేతా చదివించింది. చదివి వెనక్కొచ్చేసరికి సెషన్ ముగిసింది. మళ్లీ లాగిన్ అయింది. ఓటీపీ రాలేదు. వచ్చాక టైము దాటిపోయిందంది. ఇంకో ఓటీపీ. ఈసారి ఫైలు సైజు ఎక్కువైందంది. తగ్గించింది. బాలస్వామి గోడ గడియారం వైపు చూస్తూ, "వాడికేం కావాలంట?" అని రెండుసార్లు అడిగాడు. నాలుగూ నలభైకి పేజీ పచ్చగా మారింది.

భవ్య కళ్లు తుడుచుకుంది. బాలస్వామి తిట్టలేదు. "ఇంకెవరికీ ఇట్టా చెయ్యమాక," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

ఆ మాటతోనే సఫూరాకి చటుక్కున తట్టింది. సుబ్బరావమ్మ కాగితం భవ్య దగ్గరికి వస్తే, భవ్య కాగితం ఎక్కడికి పోయినట్టు? రిజిస్టర్లో రాసుకున్న నంబరు కొట్టి చూసింది. దరఖాస్తు తిరస్కరించబడినది. రెండు వారాలైంది. కారణం గడిలో ఒక గీత తప్ప ఏమీ లేదు.

ఇంటికెళ్లి ఆ సంగతి భర్త నజీర్‌కి చెప్పింది.

"ఆవిడ వచ్చి అడిగిందా?" అన్నాడు నజీర్.

"లేదు."

"మరి నువ్వెళ్లి మీద వేసుకోవడం దేనికి? వచ్చినప్పుడు చేసిపెట్టు. సర్వర్ పనిచెయ్యలేదని చెప్తే సరిపోతుంది."

"సర్వర్ బాగానే పనిచేసింది. చూసుకోనిది నేను," అంది సఫూరా.

తెల్లారి దుకాణానికి తాళం వేసి జానపాడు ఆటో ఎక్కింది. దారి పొడుగునా చేలల్లో మిరప నాట్లు పడుతున్నాయి. సుబ్బరావమ్మ ఎవరి చేలోనో కూలికి వెళ్లిందని చెప్పారు. సఫూరా చెప్పులు చేత పట్టుకుని సాళ్ల మధ్య నడిచి వెళ్లింది. ఆమెను చూసి సుబ్బరావమ్మ మిరప నారు పక్కన పెట్టి నడుం మీద చేయి వేసుకుని లేచింది.

"ఏమ్మా, ఇంత దూరమొచ్చావ్? నా పని పోయిందిగా. ఫోన్‌లో మెసేజ్ వచ్చింది, పక్కింటోళ్లు చదివిపెట్టారు."

"పిన్నీ, అది పోయింది నా వల్ల," అంది సఫూరా.

ఆటోలో కూర్చుని ఎంత వివరంగా చెప్పాలో అనుకుంటూ వచ్చింది. తీరా చేలో నిలబడ్డాక డౌన్‌లోడ్ అనే మాట కూడా నోట్లోంచి రాలేదు. "మీ ఆయన కాగితం, ఒక అమ్మాయి కాగితం ఒకేసారి వచ్చాయి. రెంటికీ ఒకటే పేరు. ఒకదాని బదులు ఇంకోటి పెట్టాను. మీ దరఖాస్తులో ఆ అమ్మాయి కాగితముంది. అందుకే కొట్టేశారు."

సుబ్బరావమ్మ నడుం మీంచి చేయి తీసేసింది.

"అయితే యలమంద ఏమీ చెయ్యలేదా?"

"యలమంద ఎవరు?"

"నా మరిది." ఆమె చేతుల మట్టి చీరకి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. "వాడే ఆఫీసులో ఎవరికో చెప్పి ఆపించాడనుకున్నా. అన్న చేను కాజెయ్యాలని చూస్తున్నావురా అని వాడి గుమ్మంలో నిలబడి నలుగురూ వినేట్టు అరిచా. వాడి పిల్లల్ని కూడా అన్నా. ఆ రోజు నుంచి వాడు నా చేలోకి ట్రాక్టర్ తోలలేదు. ఊరంతా నాట్లు వేస్తుంటే నా అరెకరం గడ్డి పట్టి పడుంది."

సఫూరాకి ఒళ్లంతా మండింది, ఎవరి మీదో తెలియక. "ఎక్కడ పెట్టమంటావని ఆ కంప్యూటర్ ఒక్క మాట అడిగుంటే ఇదంతా వచ్చేది కాదు పిన్నీ. అడిగే ఏర్పాటు నేను పెట్టుకున్నా. అది దాన్ని తీసేసుకుంటుంది. పెట్టిన ప్రతిసారీ తీసేసుకుంటుంది!"

"నువ్వు చూసుకోవద్దా?" అంది సుబ్బరావమ్మ.

"చూసుకోవాలి," అంది సఫూరా.

యలమంద ఇంటికి ఇద్దరూ కలిసి వెళ్లారు. ఆయన వాకిట్లో ట్రాక్టర్ గొర్రుకి నట్లు బిగిస్తున్నాడు. వదినను చూసి తల తిప్పుకున్నాడు. సుబ్బరావమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది. సఫూరా మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఇద్దరి కాగితాల ప్రింట్లు కూడా తెచ్చింది కాబట్టి చూపించింది. తన అన్న పేరున్న కాగితాన్ని యలమంద చాలాసేపు చదివాడు.

"రెండు వారాల్నుంచి ఈ బజార్లో తలెత్తుకుని నడవలేదమ్మా నేను," అన్నాడు. "సరే. ఆ అడిగే పద్ధతి తీసేసింది ఎవడు?"

"ఆ బ్రౌజరు తయారుచేసేవాళ్లు."

"ఫోన్ చెయ్యి వాళ్లకి. నేను మాట్లాడతా."

"వాళ్లకి ఫోన్ నంబరుండదన్నా. అభిప్రాయం రాయమని ఒక గడి ఉంటుంది. రాశాను. ధన్యవాదాలు అని వచ్చింది."

యలమంద పానా కింద పెట్టి ఆమె వంక వింతగా చూశాడు. "నా ట్రాక్టర్‌ని ఎవడో రాత్రికి రాత్రి వచ్చి గేర్లు మార్చిపోతే ఊరుకుంటానా? మీరెట్టా ఊరుకుంటున్నారమ్మా?"

ఊరుకోవడం లేదని, రోజూ దాంతో పోట్లాడుతూనే ఉన్నానని చెప్పాలనిపించింది సఫూరాకి. చెబితే సాకులా ఉంటుందని మానుకుంది.

గుమ్మం బయట నుంచి సుబ్బరావమ్మ, "ఒరేయ్ యలమందా, తప్పు మాటన్నాను," అంది. ఆయన పానా తీసుకుని నట్టు బిగించడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నమే సఫూరా కొత్త దరఖాస్తు పెట్టింది. అప్పటి నుంచి ప్రతి కాగితాన్నీ దరఖాస్తు తెరవకముందే దింపి, పేరు మార్చి, వచ్చిన మనిషి చేత తెర మీద చదివించి గానీ ఎక్కించడం లేదు. వరుసలో నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నారు. ముందంతా చకచకా చేసేదానివి, ఇప్పుడేమైందని అడుగుతున్నారు. పొద్దున్నే దుకాణం తెరిచి ఊదొత్తి వెలిగించకముందే సెట్టింగ్ ఉందో లేదో చూసుకుంటుంది. ఈ నెలలో ఇంకో రెండుసార్లు పోయింది.

భవ్యకి నరసరావుపేటలో సీటొచ్చింది. సెప్టెంబరు చివర్లో సుబ్బరావమ్మ తన పేరు పడిన కాగితం కోసం వచ్చింది. సఫూరా ఆమె పేరు, వెంకయ్య పేరు, సర్వే నంబరు వేలు పెట్టి చూపించి, గట్టిగా చదివి, ప్రింట్ తీసి ఇచ్చింది.

"మీ మరిది మాట్లాడుతున్నాడా పిన్నీ?"

సుబ్బరావమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. "చేను దున్నిపెట్టాడు. ముదురు నారైనా తెచ్చి నాటించా, బతికింది," అంది. "అన్నం తిని పోరా అంటే మాత్రం, ఆకలిగా లేదొదినా అని ట్రాక్టర్ ఎక్కేశాడు."