దేవవ్వ పెట్టిన శోకం

దేవవ్వ ఒళ్లో చాట పెట్టుకుని, తడిపిన తునికాకును కత్తెరతో కోస్తోంది. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో అరిగిపోయింది. ఆ మొండివేలితోనే ఆకులో తంబాకు పరచి, చుట్టి, చివర మడిచి, దారం వేస్తుంది. చూడనక్కర లేదు. మెట్‌పల్లి పక్కనున్న ఈ ఊరికి కోడలై వచ్చిన నాటి నుంచి చేతులకు ఇదే పని.

నోటికి ఇంకో పని ఉంది. ఊళ్లో ఎవరు పోయినా శోకం పెట్టాల్సింది దేవవ్వే. అందరూ ఏడుస్తారు, ఆమె ఏడుస్తూ చెబుతుంది. పోయిన మనిషి ఎక్కడ పుట్టింది, ఏ కరువులో ఏం తిని బతికింది, ఎవరి చేతి బువ్వ తిన్నది, ఎవరి చేతి దెబ్బ తిన్నది, అంతా రాగం తీసి పీనుగు ముందు పెడుతుంది. విన్న పిల్లలు పెద్దయ్యాక తమ పిల్లలకు అదే చెబుతారు. శోకానికి అడ్డం రావద్దని ఊరి కట్టు.

తన మొగుడి శోకం మాత్రం ఆమె పెట్టలేదు. సాంబయ్య భీవండి మగ్గాలకు పోయి మళ్లీ రాలేదు. పీనుగు లేనిదే శోకం ఎట్లా?

"అత్తా, జమున పాణం పోయిందట," పక్కనే బీడీలు చేస్తున్న, వరుసకు కోడలైన నవనీత ఫోను కింద పెట్టింది. "బాత్రూంల జారి పడ్డదంటుండ్రు."

కత్తెర ఆగింది. జమున ఇంటికీ తన ఇంటికీ నడుమ ఒకటే గోడ. సుధాకర్ దుబాయి నుంచి వచ్చినప్పటి నుంచి భార్యను కొట్టిన ప్రతి దెబ్బా ఆ గోడలోంచి వినిపించేది. నిన్న పొద్దుగూకే వేళ జమున తల గోడకు తగిలిన అదురుకు, ఇటువైపు గూట్లో దీపపు బుడ్డి కిందపడి పగిలింది. దేవవ్వ పోయి తలుపు బాదింది. ఎవరూ తీయలేదు.

"నిన్న నల్ల నీళ్లు రాలే. ఎండిన బాత్రూంల ఎట్ల జారిందే?" అంది దేవవ్వ.

పీనుగుకు నీళ్లు పోసేటప్పుడు ఆమే వీపు కడిగింది. బెల్టు బిళ్ల అచ్చులు, పాతవి పచ్చగా, కొత్తవి నల్లగా. చెవి వెనక ఎముక వేలికింద మెత్తగా కుంగింది.

"పసుపు జర ఎక్కువ రాయుండ్రి," అంది సుధాకర్ తల్లి.

ఖానాపూర్ నుంచి జమున తమ్ముడు శ్రీహరి ఇంకా రాలేదు. పుట్టింటి చీర కప్పనిదే ఆడపీనుగును లేపరు. సుధాకర్ మాత్రం పాడె కట్టించేశాడు. కాలబెడితే జమున జారిపడినట్టే మిగిలిపోతుంది.

అతను దేవవ్వ చెవి దగ్గరికి వంగాడు. "మంచిగ ఏడువు. లేనియి కలుపకు."

"కలుపుడెందుకు బిడ్డా. ఉన్నయే మస్తున్నయి."

తల దగ్గర కూర్చుని ఆమె శోకం ఎత్తుకుంది.

"ఖానాపూర్ చేన్ల పత్తి ఏరిన చేతులు బిడ్డా, మక్కకంకి గాల్చి నాకు పెట్టిన చేతులు..."

ఆడవాళ్లు గొల్లుమన్నారు. సుధాకర్ కుదుటపడి కండువా సర్దుకున్నాడు.

"బెల్టు బిళ్ల తాకి వీపు పలిగె బిడ్డా, గోడకు తలగొడితే నా ఇంట్ల దీపం పడె, నల్ల రాని దినం ఎట్ల జారితివి బిడ్డా..."

"కొట్టుండ్రిరా, గట్టిగ!" అని సుధాకర్ అరిచాడు. డప్పులు విరుచుకుపడ్డాయి. దేవవ్వ గొంతు వాటి కింద మునిగింది. కాసేపటికి పెద్ద డప్పు కొట్టే పరశురాములు చేతిపుల్ల దించాడు. మిగతావాళ్లూ దించారు.

"శోకానికి మేం అడ్డం రాము," అన్నాడు.

ఆ నిశ్శబ్దంలో ప్రతి మాటా వాకిలి దాటింది. సుధాకర్ వచ్చి ముసలామె రొమ్ము మీద తన్నాడు. ఆమె వెళ్లి పాడె వెదురు మీద పడింది. మళ్లీ డొక్కలో తన్నాడు. ఏదో పుటుక్కుమంది. నోట్లోంచి వచ్చిన నెత్తురు కొంగుతో తుడుచుకుని, ఆగిన చోటి నుంచే అందుకుంది. నలుగురు సుధాకర్‌ను వెనక్కి గుంజారు. పాడె ఎత్తడానికి మాత్రం ఎవరూ చెయ్యి వేయలేదు.

చీర పట్టుకుని జీపు దిగిన శ్రీహరి మిగిలిన శోకం విన్నాడు. అక్కను పక్కకు ఒత్తిగిల్లబెట్టి వీపు చూశాడు. పాడె కట్టగా మిగిలిన వెదురుబొంగు తీసుకుని బావ మూతి మీద కొట్టాడు. పళ్లు వాకిట్లో రాలాయి. పోలీసులు వచ్చేదాకా విడదీయడం ఎవరి తరం కాలేదు. పీనుగు కాటికి పోకుండా పెద్ద దవాఖానకు పోయింది.

దేవవ్వ డొక్క పట్టుకుని ఇంటికొచ్చి, చాట ముందు కూలబడింది.

"దవాఖానకు పోదాం పా అత్తా," అంది నవనీత.

"పోదాం తియ్. ఆకు ఎండుతుంది."

"ఇంత మొండిదానివి, నువ్వు వోతే నీ శోకం ఎవరు చెప్తరు?"

"నువ్వున్నవ్ గదనే. రాగం రాకున్నా ఫికర్ లేదు. సాంబయ్యను ఇడువకు."

నవనీత చాయ్ పెట్టి తెచ్చేసరికి దేవవ్వ తల గోడకు ఆనుకుని ఉంది, అవతలి నుంచి ఏదో వింటున్నట్టు. నవనీత పిలిచింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చాయ్ గ్లాసు కింద పెట్టి, ఎవరూ రాకముందే, రాగం కుదరని గొంతుతో మొదలుపెట్టింది.

"భీవండి తొవ్వ జూసి కండ్లు కాయలు గాసెనత్తా, సాంబయ్య మామ రాకపాయె..."

చాటలో, దారం పడని బీడీ ఒకటి తంబాకు రాలుస్తూ మెల్లగా విచ్చుకుంటోంది.