ఇంటికి తాళం, కదలిక లేదు

“సూర్యకళా, చీరకి ఫాల్ కుట్టడం వచ్చా నీకు?” అని ఎస్సై సుమంత్ అడిగినప్పుడు, ఏ కేసులోనో చీర దొరికిందేమో అనుకుంది ఆమె. సంగతి అది కాదు. మల్కాపురంలో ట్యాంకర్లలోంచి డీజిల్ లాగి అమ్ముతున్న గంగరాజు ఇంటి మీద నిఘా వెయ్యాలి. ఆ సందులో మగ కానిస్టేబులు నిలబడితే ఇట్టే పసికట్టేస్తారు. ఆడమనిషి మిషను ముందు కూర్చుంటే ఎవరి కంటికీ ఆనదు. “ఎలాగూ మీ ఆడవాళ్ళకి వచ్చిన పనే కదా” అన్నాడాయన. పరుగులు తీసి, పరీక్షలు రాసి తెచ్చుకున్న హెడ్ కానిస్టేబులు ఉద్యోగం చివరికి ఫాల్ కుట్టడానికి పనికొచ్చింది. సూర్యకళకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

కుట్టు దుకాణం తాయారుది, సరిగ్గా గంగరాజు ఇంటికి ఎదురుగా. వచ్చినామె పోలీసని ఆ సందులో తాయారొక్కదానికే తెలుసు. తెలిస్తే మాత్రం, పెళ్ళిళ్ళ రోజుల్లో మనిషిని ఊరికే కూర్చోబెడుతుందా? చీరల దొంతర తెచ్చి ముందు పెట్టింది. కాబట్టి సూర్యకళ సర్కారు జీతానికి నిఘా వేస్తూ, తాయారుకి ఉత్తినే ఫాల్స్ కుడుతూ, ఆ చీరల అడుగున చిన్న పుస్తకం పెట్టుకుని చూసింది చూసినట్టు రాసుకునేది.

రాయడానికో పద్ధతుంది. టైము, మనిషి, కదలిక. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. మొదటి రోజు ఆమె అలాగే రాసింది. గంగరాజు పెళ్ళాం నూకాలు తెల్లారకుండా కుళాయి దగ్గర బిందెలు నింపింది, అంట్లు తోమింది, బట్టలు ఉతికింది, నడుం మీద చెయ్యి పెట్టుకుని వంగి వాకిలి ఊడ్చింది, స్నానాలగది రేకు మీద చేపలు ఎండబెట్టి పొద్దంతా కాకుల్ని తోలింది. సుమంత్ చదివి పేజీ అడ్డంగా కొట్టేశాడు. “ఇదంతా ఇంటిపని. ఇది కదలిక కాదమ్మా. గంగరాజు వచ్చాడా, వెళ్ళాడా, డ్రమ్ము దిగిందా, అది కదలిక.” ఆ రోజునుంచీ నూకాలు పొద్దు పొడిచింది మొదలు రెక్కలు ముక్కలు చేసుకుంటూనే ఉంది, సూర్యకళ పుస్తకంలో మాత్రం కదలిక లేదు.

ఆ మాట ఆమె వెంట ఉక్కునగరంలో ఇంటి దాకా వచ్చేది. క్వార్టరుకి చేరి, యూనిఫాం లేని ఒంటికి కొంగు బిగించి, అన్నం వండి, క్యారేజీలు కడిగి, రేపటి పప్పు నానబోసి, ఒక్క క్షణం కుర్చీలో చేరబడితే చాలు, అత్త సూర్యకాంతమ్మ గడప దగ్గర్నుంచి అనేది, “వొచ్చిన కాడ్నుంచి ఏటి సేసినావే? కూకున్నట్టే కనపడతన్నావు.” కదలిక లేదు అని ఆమె లోపల ఎవరో రాసుకునేవారు. మొగుడు ఉమామహేష్‌ది స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఆమె ఎక్కడుందో చూపించే చుక్క అతని ఫోన్లో ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. “దొంగల ఎనకాల నువ్వు తిరుగుతావు. నీ ఎనకాల నాను తిరగొద్దేటి?” అంటాడు నవ్వుతూ. అతనివన్నీ హాస్యాలే, ఆమె నవ్వినంత సేపూ. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని మగవాళ్ళ మీద సామెత ఉంది. సూర్యకళ దగ్గర అది తిరగబడింది. స్టేషన్లో రౌడీలు ఆమెను చూసి లేచి నిలబడతారు, ఇంట్లో ఆమె పిల్లిలా అడుగులేస్తుంది.

నూకాలు ఓసారి దుకాణానికి వచ్చింది, చీరకి ఫాల్ వెయ్యమని. పెదవి చిట్లి ఉంది. సూర్యకళ చూసింది, అడగలేదు. అడిగితే పరిచయం పెరుగుతుంది, పరిచయం పెరిగితే వేషం బయటపడుతుంది. నూకాలే మాట కలిపింది. “వానొచ్చేలాగుంది అక్కా. రేకు మీద సేపలున్నాయి, పోతాను. అయ్యి తడిస్తే మా ఆయన నన్ను బతకనియ్యడు.” చిట్లిన పెదవితోనే నవ్వి పరిగెత్తింది.

నిన్న పొద్దున్న ఆ ఇంట్లోంచి గంగరాజు అరుపులు వినబడ్డాయి. తర్వాత ఏదో పడ్డ చప్పుడు. తర్వాత ఏమీ లేదు. అతను బయటికొచ్చి, తలుపుకి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, బండెక్కి వెళ్ళిపోయాడు. అతని వెనకాల వేరే పోలీసు జట్టు వెళ్ళింది. సూర్యకళ పుస్తకం తీసి రాసింది. గంగరాజు వెళ్ళాడు. ఇంటికి తాళం. కదలిక లేదు.

ఈ మధ్యాహ్నం కూడా తాళం అలాగే ఉంది. చేపలూ రేకు మీద అలాగే ఉన్నాయి, నిన్న నూకాలు పరిచినట్టే. వాటిలో సగం కాకులు ఎత్తుకుపోయాయి. తోలేవాళ్ళు లేరు.

సూర్యకళ ఫోన్ చేసింది. “సార్, ఆ అమ్మాయి లోపలే ఉందనిపిస్తంది.”

“అనిపించేది వద్దన్నానా? బయట తాళం ఉంటే లోపల మనిషెందుకుంటుంది? పుట్టింటికి పోయుంటుంది.”

“ఎండేసిన సేపలు తియ్యకుండా ఎలా ఎలిపోద్ది సార్?”

“చేపలు కాదు, డ్రమ్ములు చూడు. సాయంత్రం సరుకు దిగుతుంది. నువ్వు కుర్చీలోంచి కదిలావంటే నెలల కష్టం మట్టిలో కలుస్తుంది. నీ మీద రిపోర్టు నేనే రాస్తాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో నాకు తెలీదు.” ఆయన ఫోన్ పెట్టేశాడు.

బయట తాళం ఉంటే లోపల మనిషి ఎందుకుంటుందో ఆయనకి తెలీదు. తెలిసే అవసరం రాలేదు. సూర్యకళకి తెలుసు. కొత్త కాపురంలో ఉమామహేష్ షిఫ్టుకి పోతూ బయట తాళం వేసుకుపోయేవాడు. “దొంగల బయం. నీ మంచికే” అనేవాడు. ఓ మధ్యాహ్నం, కడుపులో మూడో నెల, ఉన్నట్టుండి రక్తం. గచ్చు మీద పాకుతూ తలుపు దాకా వచ్చింది. అప్పుడే పక్క క్వార్టరు కుసుమకుమారి పెరుగు తోడుకని వచ్చి గుమ్మంలో ఆగింది. “తాళం ఏసుంది, ఎవరూ లేరు” అని ఎవరితోనో అని, వెనక్కి తిరిగింది. సూర్యకళ అరవబోయింది. గొంతు రాలేదు. చెప్పులు టపటపమంటూ మెట్లు దిగిపోయాయి. ఉమామహేష్ వచ్చి తాళం తీసి, ముందు వంటింట్లోకి చూశాడు. “బియ్యం పెట్టనేదేటి?” అన్నాడు. పుట్టకుండానే పోయిన పిల్ల గురించి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. అత్త మాత్రం ఒకసారి అంది, “సుట్టూ జనం ఉన్న సోట నోరెత్తి అరవనేకపోనావా?”

ఆ చెప్పుల చప్పుడు పోలేదు. స్నానాలగదిలో నీళ్ళు పడుతుంటే వినబడుతుంది, స్టేషన్లో అందరూ మాట్లాడుతుంటే వినబడుతుంది. ఇన్నేళ్ళూ అది కుసుమకుమారిదే అనుకుంది. ఈవేళ మిషను చప్పుడు వెనకాల మళ్ళీ వినబడింది. కాలు ఆపింది. చెప్పుల చప్పుడూ ఆగిపోయింది. తాళం చూసి, ఎవరూ లేరని రాసుకుని, వెనక్కి తిరిగిన మనిషి ఈసారి తనే.

వాన మొదలైంది. సందులో ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా బయటికొచ్చి తీగల మీద బట్టలు లాక్కున్నారు. గంగరాజు ఇంటి రేకు మీద చేపలు తడుస్తున్నాయి.

సూర్యకళ పుస్తకం తెరిచింది. టైము వేసింది. మనిషి అన్నచోట తన పేరు రాసింది. పక్కనే రాసింది, దుకాణంలోంచి లేచి ఎదురింటికి వెళ్ళింది. ఎస్సైని అడ్డంగా కొట్టేసుకోమను. షట్టరు లాగే ఇనప కడ్డీ చేతిలోకి తీసుకుంది.

“ఏటమ్మా, నీ నౌకరీ ఏటవుద్ది?” అంది తాయారు కంగారుగా.

“పోతే ఫాల్స్ కుట్టుకుంటాను. ఎలాగూ వచ్చిన పనే కదా.”

సందు బయట రోడ్డు మీద నిఘాలో ఉన్న కానిస్టేబులు చూసే ఉంటాడు, ఫోన్ మోగడం మొదలైంది. ఎత్తలేదు. వానలో సందు దాటి, తాళం వేసిన తలుపుకి నోరు ఆనించి పిలిచింది. “నూకాలూ. నాను, ఫాల్ కుట్టే అక్కని. ఉన్నావేటే?”

ఫోన్ మోగి మోగి ఆగింది. కడ్డీ తాళంలోకి దూర్చి, ఒంట్లో బలమంతా పెట్టి మెలిపెట్టింది. అప్పుడు తలుపు కింది సందులోంచి, గచ్చుకి ఆనించిన నోట్లోంచి వచ్చినట్టు, సన్నగా ఒక గొంతు వినబడింది.

“సేపలు తడిసిపోతన్నాయా అక్కా?”