ఎడమకు ఒరిగిన సీటు

తీసుకెళ్ళనని మొండికేసే మొగుడితో పోట్లాడొచ్చు. అలిగి అన్నం మానెయ్యొచ్చు, పుట్టింటికి కబురు పెట్టొచ్చు. తీసుకెళతా, తప్పకుండా తీసుకెళతా అంటూ పొద్దున్నే పానా పట్టుకుని బండి పక్కన గొంతుక్కూర్చునే మొగుణ్ణి ఏమంటాం చెప్పండి. రమణమ్మకు వచ్చిపడిన చిక్కు అదే.

ప్రత్తిపాడు బస్సు రోడ్డుకు బాగా లోపలగా ఉన్న చిన్న ఊరు వాళ్ళది. రమణమ్మ చీరాల మగ్గాలవాళ్ళ పిల్ల, థర్డ్ ఫారం దాకా చదువుకుంది. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఇంకా పిల్లల్లేరు. మొగుడు రోశయ్య పత్తి మిల్లులో మేస్త్రీ. ఆ వేసవిలో బ్లాకు ఆఫీసు తరఫున ఒక గ్రామసేవిక ఊళ్ళోకొచ్చి, వీళ్ళ అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, "ఇంత చదువుకుని ఇంట్లో ఉండిపోయారేంటండీ, గుంటూరులో ఈ పనికే ఏడాది శిక్షణ ఇస్తున్నారు, చేరకూడదూ?" అంది. ఆ తర్వాత సంచీ భుజాన వేసుకుని, ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా పక్క వీధిలోకి నడిచిపోయింది. రమణమ్మ కళ్ళార్పకుండా ఆ నడకే చూసింది. ఆ రోజు నుంచి ఆమెకు ఇంకో ధ్యాస లేదు.

అర్జీ పెట్టింది, ఎంపికయింది. సోమవారం పది గంటలకల్లా గుంటూరులో చేరాలి. చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్ళీ ఏడాది సంగతి ఎవరు చూడొచ్చారు?

ఈ కబురు వినగానే అత్త పేరమ్మ ఇల్లు పీకి పందిరేసింది. కోడలు గుంటూరులో ఒంటిగా ఉండటమేమిటి, ఊళ్ళో తలెత్తుకు తిరిగేదెట్లా అని రాగాలు తీసింది. అప్పుడు రోశయ్యే తల్లికి అడ్డం పడ్డాడు. "నేను సరేనన్నానమ్మా. నా బండి మీద నేనే తీసుకెళ్ళి దిగబెట్టొస్తా" అన్నాడు. ఆ మాటకి రమణమ్మకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఇంత మంచివాడు దొరకడం తన అదృష్టమనుకుంది. పిచ్చిది, అనుకోక ఏం చేస్తుంది.

ఆ బండి ఎప్పుడో మిలటరీ వాళ్ళు వదిలించుకున్న పాత మోటారు సైకిలు. దానికి ముందొక సీటే కాని వెనక కూర్చునే చోటు లేదు. ప్రత్తిపాడులో బుడాన్ సాయిబు చేత ఇనప చట్రం చేయించి, కొబ్బరిపీచు కూరించి, పైన ఎర్ర రెక్సిను తొడిగించి వెనక సీటు తెచ్చాడు రోశయ్య. తనే బిగిస్తానన్నాడు. నాలుగు బోల్టుల పని, దానికి సాయిబెందుకన్నాడు.

ఆ నాలుగు బోల్టులూ వారం రోజులు తిన్నాయి. బిగిస్తాడు, రమణమ్మను ఎక్కమంటాడు. ఆడవాళ్ళు రెండు కాళ్ళూ ఎడమవైపు వేసి పక్కకు తిరిగి కూర్చుంటారు కదా. ఆమె ఎక్కి కూర్చుంటే సీటు ఎడమకే ఒరిగి ఉండేది. ముందు చీర జారేది, తర్వాత మనిషి జారేది. "చూశావా, కుదరట్లేదు. ఇట్లా కూర్చుంటే దారిలో పడి నడుం విరగ్గొట్టుకుంటావు" అని మళ్ళీ విప్పేవాడు. పోనీ నట్లు అందిద్దామని రమణమ్మ దగ్గరికొస్తే, "నీకెందుకు, చేతులకు గ్రీసవుతుంది" అని దూరంగా కూర్చోబెట్టేవాడు.

గురువారం నాడు ఉండబట్టలేక, "పోనీ బస్సులో వెళతానండీ" అంది. అంతే, రోశయ్య మొహం చిన్నబోయింది. "నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?" అన్నాడు. లోపల్నుంచి పేరమ్మ అందుకుంది. "మొగుడు దగ్గరుండి తీసుకెళతానంటుంటే బస్సెక్కి ఊరేగుతుందట. వాడి పరువేం కాను?" రమణమ్మ బస్సు మాట అంతటితో వదిలేసింది. ఎటు కదిలినా మంచివాణ్ణి అవమానించిన పాపం వచ్చి మెడకు చుట్టుకుంటుంది. కాళ్ళకు తాడు కట్టినా విప్పుకోవచ్చునేమో కాని, దీన్ని ఎట్లా విప్పుకోవడం?

ఆదివారం మధ్యాహ్నం కూడా అదే తంతు. బిగించాడు, ఆమె ఎక్కింది, జారింది, అతను విప్పాడు. ఈలోగా పేరమ్మ, "ఒరేయ్, అన్నం చల్లారిపోతోంది, వచ్చి తిను" అని కేకేసింది. రోశయ్య విప్పిన సీటును ఎప్పటిలా గోడకు ఆనించకుండా, అలాగే బోర్లా పడేసి లోపలికి వెళ్ళాడు.

రమణమ్మ దుమ్ము దులుపుదామని సీటు చేతిలోకి తీసుకుంది. అడుగున కుడివైపు, బోల్టు కన్నాల దగ్గర లావుపాటి వాషర్లు గ్రీసుతో అంటుకుని ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, దొంతరగా. ఎడమవైపు చూసింది. అక్కడ ఒక్కటీ లేదు.

కాసేపు ఆమెకు ఏమీ అర్థం కాలేదు. వేలితో ఒక్కో వాషరూ లెక్కపెట్టాక అర్థమైంది. కుడివైపు ఎత్తు పెడితే సీటు ఎడమకు ఒరగక ఏం చేస్తుంది? సరిగ్గా తను కాళ్ళు వేసుకుని కూర్చునే వైపుకే. వారం రోజులుగా కుదరనిది సీటు కాదన్నమాట.

వాషర్లు ఊడబీకింది. సీటెత్తి బండి మీద పెట్టింది. బోల్టులు దించి, పళ్ళు బిగబట్టి, పానాతో ఒక్కొక్కటే తిప్పింది. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. ఎక్కి కూర్చుంది. సీటు పీటలా తిన్నగా ఉంది.

రోశయ్య చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. రమణమ్మ కిందికి దిగి గుప్పిట విప్పి చూపించింది.

"ఎవరు పెట్టారండీ ఇవి?"

అతను తుడిచిన చెయ్యే మళ్ళీ తుడుచుకున్నాడు. "నేనే" అన్నాడు చివరికి.

"వద్దంటే వద్దని చెప్పొచ్చుగా."

"చెప్తే నేను చెడ్డవాణ్ణవుతా." తల దించుకున్నాడు. "వెళ్ళావంటే తిరిగి రావేమోనని భయం రమణా. ఇక్కడ నీకేముందని వస్తావు?"

రమణమ్మ ఊహల్లో ఏడాది తర్వాతి రోజులు చాలా ఉన్నాయి. భుజాన సంచీతో చుట్టుపక్కల ఊళ్ళు తిరగడం ఉంది, సాయంత్రానికి ఈ ఇంటికే రావడం ఉంది, రోశయ్యకు ఆ కబుర్లన్నీ చెప్పడం ఉంది. రాకపోవడమన్నది ఏ మూలా లేదు. ఇప్పుడు ఆ మాట చెవిన పడ్డాక మనసు దాని చుట్టూనే తిరగసాగింది. ఇంత నమ్మినవాడు ఇంత పని చేశాడే అని ఒళ్ళు మండిపోయింది. అతని మొహం చూస్తే జాలీ వేసింది. జాలి వేసినందుకు మళ్ళీ తన మీద తనకే కోపం వచ్చింది.

"ఏరా, సీటు కుదిరిందా?" అని పేరమ్మ లోపల్నుంచి అడిగింది.

"కుదిరింది అత్తయ్యా" అంది రమణమ్మ.

సోమవారం తెల్లవారింది. ఆ ఊళ్ళో కోడళ్ళు మొగుడి వెనక బండెక్కి వీధుల్లోంచి పోరు. పెద్దవాళ్ళ ఎదుట అట్లా కూర్చోవడం తప్పు. మగవాడు బండి ముందు తీసుకుపోయి ఊరి చివర పత్తిచేల దగ్గర ఆగుతాడు, ఆడమనిషి వెనక నడిచి వచ్చి అక్కడ ఎక్కుతుంది. సైకిలైనా అంతే, మోటారు సైకిలైనా అంతే. రోశయ్య అట్లాగే ముందు పోయి ఆగాడు. రమణమ్మ రేకు పెట్టె చంకన పెట్టుకుని వచ్చింది.

"ఎక్కు. ఇక జారదులే" అన్నాడు సీటు తుడుస్తూ.

రమణమ్మ సీటు వంక చూసింది. అతను అబద్ధం చెప్పట్లేదని తెలుసు. ఇవాళ గుంటూరు దాకా భద్రంగా దిగబెడతాడు కూడా. కాని ఇవాళ ఎక్కితే, ఇక ఎక్కడికి పోవాలన్నా అతను బిగించాలి, అతను విప్పాలి, అతని మనసు కుదరాలి.

"మీరు ఇంటికి వెళ్ళండి. నేను రోడ్డు దాకా నడిచి బస్సెక్కుతా" అని ముందుకు సాగింది.

అతను ఇంటికి వెళ్ళలేదు. ఇంజను ఆపేసి, ఆ బరువంతా తోసుకుంటూ ఆమె వెనకే వచ్చాడు. పక్క చేలల్లో మిరప నారు నాటే కూలీలు పని ఆపి మరీ చూశారు. రోశయ్య బతిమాలలేదు, ఎక్కమని మళ్ళీ అడగలేదు. రోడ్డు చేరేసరికి అతని చొక్కా చెమటతో ముద్దయింది. బస్సొచ్చింది. పెట్టె అందుకుని పైన పెట్టించి, కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"వస్తావుగా?" అన్నాడు.

అబద్ధం చెప్పడం రమణమ్మకు చేతకాదు. బస్సు కదులుతుండగా, "మొన్న అడిగుంటే వస్తాననే చెప్పేదాన్నండీ" అంది.